లోపలి తుప్పు

మా కేజీఎఫ్ బంగారానికి పేరు. బంగారం తుప్పు పట్టదు. కానీ దాన్ని పైకి తెచ్చిన యంత్రాలు ఇనుమువే. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చేదాకా ఆ యంత్రాలు ఎక్కువగా ఆవిరితోనే నడిచేవి.

ఇప్పటికీ పట్టు దారం తీసేచోట ఆవిరి కావాలి. మా చిన్నాయన అట్లాంటి ఒక యూనిట్‌లో బాయిలర్ చూసుకుంటాడు. ఉక్కు గొట్టం ఎట్లా చెడిపోతుందో ఆయనే నాకు చెప్పినాడు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ గొట్టాన్ని లోపల తింటుంది, సూదితో పొడిచినట్లు గుంతలు పడతాయి. కఠిన జలమైతే లోపల సున్నంలాంటి పొర కడుతుంది. అప్పుడు మంట వేడి నీళ్లకు సరిగా చేరదు. గొట్టమే అతిగా కాలి, మెత్తబడి, ఒకరోజు పగులుతుంది. పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం ఒక గొట్టం దగ్గర చెమ్మ చూసి చిన్నాయన మంట ఆర్పేసినాడు. పని నిలిచింది. అక్కడి ఆడవాళ్లకు ఆ రోజు కూలి పోయింది. "ఒక్క చుక్కకే ఇంత చేయాల్నా?" అని తిట్టినారు. యజమాని బాధా అబద్ధం కాదు. పట్టుగూళ్లు ఆలస్యమైతే చిలుకలు గూడు తొలుచుకొని వచ్చేస్తాయి, ఇక ఆ గూడు దారానికి పనికిరాదు.

మన నిజాయితీ వల్ల పేదవాళ్లకే నష్టం వస్తే అది మంచిదేనా? 2001లో గనులు మూతపడినాక మా పక్క కూలి విలువ అందరికీ తెలుసు. అందుకే మొదట నేను ఆ ఆడవాళ్ల పక్షమే మాట్లాడినాను.

చిన్నాయన ఒకటే అడిగినాడు: "పగిలితే ముందు కాలేది ఎవరమ్మా?"

అప్పుడు ఆలోచించినాను. ప్రమాదం సంగతి తెలిసింది ఆయనకు, పక్కన నిలబడేది వాళ్లు. తెలియనివాళ్ల తరపున "పరవాలేదు" అనే హక్కు తెలిసినవాడికి లేదు. తర్వాత గొట్టం కోసి చూస్తే నిండా గుంతలే. గుంతలు లేకపోయినా ఆయన చేసింది సరైనదే అంటాను, ఎందుకంటే ఆర్పేటప్పుడు ఆయనకు తెలిసింది ఆ చెమ్మ ఒక్కటే. అయితే ఆ రోజు కూలి మాత్రం, పనితో లాభం పొందేవాళ్లే ఇవ్వాల్సింది. అట్లా ఇస్తే నిజం చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టరు.

బాయిలర్ల తనిఖీకి 1923లోనే చట్టం వచ్చింది. కానీ తనిఖీ ఎప్పుడో ఒకసారి, తుప్పు ప్రతిరోజూ. మధ్యలో కాపాడేది దగ్గర ఉన్నవాడి మనసే.

లెక్కల క్లాసులో అర్థం కాకపోయినా నేను తల ఊపుతుంటాను. పైకి బాగానే ఉంటుంది. రేపు చెయ్యి ఎత్తి అడుగుతాను.