చలిమంట దగ్గర పదకొండోవాడు

పుష్యమాసపు చలి. రచ్చబండ ముందు పదకొండు మొద్దులు పేర్చి చలిమంట వేశారు. చుట్టూ చేరినవాళ్లూ పదకొండుమందే. ఇద్దరు మంటకు దగ్గరగా కూర్చున్నారు. వాళ్ల వెనక ఎనిమిదిమంది గొంతుక్కూర్చున్నారు. ఆఖరున వచ్చిన కుర్రాడికి వాళ్ల వెనక చోటు దొరికింది. అప్పుడప్పుడు ముందువాళ్ల భుజాల సందుల్లోంచి చేతులు చాపి కాస్త కాచుకునేవాడు.

వీధి చివర్నుంచి ఎవరో పిలిచారు. కుర్రాడు లేచి వెళ్లిపోయాడు.

"ఒక్క కేకకే పోయాడు. నిలకడ లేనివాడు" అన్నాడు ముందు కూర్చున్న ఒకతను.

"వాడి చోట కాసేపు కూర్చుని చెప్పరా ఆ మాట" అన్నాడు తాత.

అతను వెళ్లి కూర్చున్నాడు. వణుకు మొదలైంది. "మంట ఆరిపోతోందా తాతా?"

"మంట అలాగే ఉంది. నీకు అడ్డంగా మనుషులున్నారు."

మర్నాడు పన్నెండో మొద్దు వేశారు. పన్నెండో మనిషీ వచ్చి కుర్రాడి పక్కనే కూర్చున్నాడు. ఉన్న కాస్త వెచ్చదనం వీడితో పంచుకోవాలా అని కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. తీరా చూస్తే నిన్నటికన్నా వెచ్చగా ఉంది.

నీతి: నిలవనివాణ్ణి నిందించే ముందు, వాడికీ మంటకీ మధ్య ఎందరు కూర్చున్నారో లెక్కపెట్టు.

ఆ కుర్రాడు సోడియం పరమాణువులో చివరి ఎలక్ట్రాన్. కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నాయి, కర్పరాల్లో ఎలక్ట్రాన్లు 2, 8, 1. లోపలివాటి అడ్డునే స్క్రీనింగ్ అంటారు. దాన్ని అంచనా కట్టే నియమాలను జాన్ స్లేటర్ 1930లో ఇచ్చాడు. ఆ లెక్కన అట్టడుగు రెండూ ఒక్కోటి 1 చొప్పున, మధ్య ఎనిమిదీ ఒక్కోటి 0.85 చొప్పున అడ్డుకుంటాయి. మొత్తం 8.8. పదకొండులో అది తీసేస్తే చివరిదానికి అందేది 2.2. అదే ప్రభావక కేంద్రకావేశం. మెగ్నీషియంలో ఒక ప్రోటాన్ పెరుగుతుంది, పక్కన చేరిన ఎలక్ట్రాన్ అడ్డుకునేది మాత్రం 0.35. అందుకే అక్కడ 2.85 అందుతుంది.

సోడియం చురుకైన లోహం, కిరోసిన్‌లో దాచాలి అని చెప్పి ఊరుకుంటే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ఈ చిన్న తీసివేత వాళ్ల చేత చేయించండి. ఆ ఒక్క ఎలక్ట్రాన్‌నూ లాగడానికి 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. దాని ముందు వరుసలోంచి ఇంకొకదాన్ని లాగాలంటే 47కు పైనే కావాలి.