పాపం ఎవరిది?

"ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నానో సిస్టరమ్మా!" మా కీళ్లవాతం ఓపీలో ఈ మాట తరచూ వింటాను. అనేది ఎక్కువగా ఆడవాళ్లే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మగవాళ్లకంటే వాళ్లకే రెండు మూడు రెట్లు ఎక్కువ.

నేను చర్చిలో పెరిగినదాన్ని. యోహాను సువార్త 9వ అధ్యాయం గుర్తొస్తుంది. పుట్టుగుడ్డివాణ్ని చూపించి శిష్యులు అడిగారు, పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని. ఎవరిదీ కాదన్నాడు యేసు. అని ఊరుకోలేదు, ఉమ్మితో మట్టి తడిపి అతని కళ్లకు పూశాడు.

కర్మను నమ్మే మనిషితో నేను వాదించను. అదే మాట ఇంట్లోవాళ్ల నోట తీర్పయితే మాత్రం ఒప్పుకోను. ఈ జబ్బులో పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి, గంట దాటినా జడ అల్లుకోలేరు. మధ్యాహ్నానికి కాస్త సడలితే "అంతా నటన" అంటారు. అందుకే వాళ్లనూ లోపలికి పిలుస్తాను. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొరమీద పడిందని, ఇందులో ఈమె తప్పేమీ లేదని చెప్తాను. తర్వాత ఆమె చేతులు పట్టుకుంటాను. 28 కీళ్లు, నా బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కి చూస్తాను. ఆ లెక్కలో పాదాలు లేవు. అయినా చెప్పులు విప్పమంటాను.

ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పుండవుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. "శనివారం ఒంటిపొద్దు ఉంటావా పెద్దమ్మా?" అని అడుగుతాను. ఉంటానంటే, ఆ రోజు భోజనమయ్యాకే మాత్ర. వెంకన్న వారాన్ని ఆమె మరిచిపోదు.

యోహాను సువార్తలోని ఆ అధ్యాయంలో ఒక మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. దేవుని పనులు కనబడటానికే అతను అలా పుట్టాడన్నాడు యేసు. తన పని చూపించుకోవడానికి దేవుడు ఒకరికి చూపు లేకుండా చేస్తాడా? ఇప్పుడు నాకు తోచేది ఇది: ఆ మాట ఆయన గుడ్డివాడితో అనలేదు, అడిగిన శిష్యులతో అన్నాడు. వెంటనే, పగలుండగానే పని చేయాలన్నాడు. వేళ్లు వంకరపోయిన మనిషితో "నీ నొప్పి దేవుని మహిమకే" అని నేనెన్నడూ అనను. పక్కన నిలబడ్డ నాకే ఆ మాట. మెథోట్రెక్సేట్ వేసుకుంటూ రక్తపరీక్షకు రానివాళ్లకు ఫోన్ చేయాలి. బిడ్డ కావాలనుకునే అమ్మాయి సిగ్గుపడి చెప్పకపోతే నేనే అడిగి, ఈ మాత్ర ముందే ఆపించాలని డాక్టరుగారికి చెప్పాలి.