ఎయిట్ మైల్ రోడ్డు దాటబోతున్న అమ్మాయికి

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్

అమ్మడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ట్రాయ్ శివారులో ఉన్న మీ ఆఫీసుని వచ్చే వేసవికి డిట్రాయిట్ డౌన్‌టౌన్‌కి మారుస్తున్నారని, వద్దంటూ మీ టీమువాళ్ళు వినతిపత్రం రాశారని, సంతకం పెట్టాలా వద్దా అని అడిగావు. పార్కింగ్, ప్రయాణం, సిటీ ట్యాక్స్, భద్రత అని అందులో నాలుగు అభ్యంతరాలున్నాయన్నావు. ఒక్క మాటలో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీ ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇప్పుడు పది నిమిషాల్లో ఆఫీసుకి చేరేదానివి, రేపు ముప్పావు గంట పడుతుంది. సాయంత్రం ఆరులోపు బాబుని డేకేర్ నుంచి తెచ్చుకోవాలి. ఇల్లు కొన్నదే ఆఫీసు దగ్గరని. ఇవన్నీ నిజం. వీటి గురించి గట్టిగా అడగడం నీ హక్కు. అయితే ఆ కాగితంలో మిగతా మాటలు కూడా ఉన్నాయి. వాటికింద నీ పేరు ఉండే ముందు నువ్వు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

నువ్వు రోజూ వెళ్ళే బిగ్ బీవర్ రోడ్డు సంగతే తీసుకో. అక్కడి ఆఫీసులన్నీ అక్కడే పుట్టాయని మీ తరం అనుకుంటుంది. కానీ కేమార్ట్ దుకాణాలని నడిపిన క్రెస్గీ కంపెనీ ప్రధాన కార్యాలయం మొదట డిట్రాయిట్‌లోనే ఉండేది. 1972లో ట్రాయ్‌కి వచ్చేసింది. తర్వాత సియర్స్‌తో కలిసిపోయి ఇల్లినాయ్‌కి తరలిపోయింది. ఆ పెద్ద భవనం ఏళ్ళ తరబడి తాళాలేసి ఉండి, 2023 చివర్లో కూల్చివేతకి వచ్చింది. మీ ఆఫీసుకి కూతవేటు దూరంలో ఆ క్రేన్లని నువ్వూ చూసే ఉంటావు. డిట్రాయిట్ నుంచి మొదట జనం కదిలారు, వాళ్ళ వెనక దుకాణాలు కదిలాయి, వాటి వెనక ఆఫీసులు. హడ్సన్స్ డిపార్ట్‌మెంట్ స్టోరు వాళ్ళు సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్ షాపింగ్ సెంటర్ తెరిచింది 1954లో. 1950లో పద్దెనిమిదిన్నర లక్షలున్న నగర జనాభా 2010కి 7 లక్షల 14 వేలకి పడిపోయింది.

ఎవరిష్టం వచ్చినచోట వాళ్ళు ఉండటంలో తప్పేముందని నువ్వు అడగవచ్చు. అందరికీ ఆ ఇష్టం ఉండనిచ్చారా అన్నది నా ప్రశ్న. నగరానికి ఉత్తర సరిహద్దైన ఎయిట్ మైల్ రోడ్డుకి కాస్త దక్షిణంగా, వయోమింగ్ అవెన్యూ దగ్గరలో ఇప్పటికీ ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డరు కట్టించాడు. పక్కనే నల్లజాతివాళ్ళ ఇళ్ళున్నాయి కాబట్టి తెల్లవాళ్ళ కోసం తాను కట్టబోయే ఇళ్ళకి ఫెడరల్ హౌసింగ్ సంస్థ లోన్ హామీ ఇవ్వనంది. మధ్యలో గోడ లేచాక ఇచ్చింది. ఇప్పుడు పిల్లల ఆటస్థలం పక్కన ఆ గోడమీద రంగురంగుల బొమ్మలు వేశారు. ఒకసారి వెళ్ళి చూడు. బాబుని కూడా తీసుకెళ్ళు. ఇప్పుడే అర్థం కాకపోయినా ఫరవాలేదు.

రేపు నువ్వు కారులో వెళ్తే ఐ-75 మీదే వెళ్తావు. డౌన్‌టౌన్ దగ్గరికొచ్చేసరికి ఆ రోడ్డుని క్రైస్లర్ ఫ్రీవే అంటారు. అది ఉన్నచోట ఒకప్పుడు హేస్టింగ్స్ స్ట్రీట్ ఉండేది. దక్షిణాది రాష్ట్రాల నుంచి పనికోసం వచ్చిన నల్లజాతి కుటుంబాలు మరోచోట అద్దెకి ఇల్లు దొరకక బ్లాక్ బాటమ్ అనే పేటలో ఇరుక్కుని బతికాయి. హేస్టింగ్స్ స్ట్రీట్ వాళ్ళ బజారు. మంగలి షాపులు, మందుల షాపులు, హోటళ్ళు, డాక్టర్లు అన్నీ అక్కడే. జాన్ లీ హూకర్ లాంటి బ్లూస్ గాయకులు పాడిన వీధి అది. ఆ పేటని, ఆ వీధిని నేలమట్టం చేసి ఫ్రీవే వేశారు. దానికి కొనసాగింపైన ఐ-375 ముక్క తెరిచింది 1964లో. శివారు ఊళ్ళవాళ్ళు తొందరగా ఆఫీసుకొచ్చి, తొందరగా ఇంటికెళ్ళిపోవడానికి ఆ దారి ఉపయోగపడింది. ముప్పావు గంట ప్రయాణం ఎక్కువ అని రాసేముందు, ఆ ముప్పావు గంటని మన కోసం తగ్గించడానికి ఎవరి ఇళ్ళు పోయాయో ఒకసారి తలుచుకోవాలమ్మా.

మన తెలుగువాళ్ళు ఈ ప్రాంతానికి ఎక్కువగా వచ్చింది 1965 ఇమిగ్రేషన్ చట్టం తర్వాత. అప్పటికే ఇందులో చాలావరకు జరిగిపోయింది. గోడ మనం కట్టలేదు, ఫ్రీవే మనం వెయ్యలేదు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని ట్రాయ్‌లో, నోవైలో, కాంటన్‌లో, మా ఊళ్ళో ఇళ్ళు కొనుక్కున్నాం. పిల్లల చదువు కోసం అలా చెయ్యడం తప్పని నేను అనను. కానీ ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ గీతలు దేవుడు గీసినవి కావు. డిట్రాయిట్ బడుల్లో వర్ణవివక్షని సరిదిద్దడానికి శివారు డిస్ట్రిక్టులని కూడా కలపాలన్న కింది కోర్టు తీర్పుని, 1974లో మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టేసింది. ఆ గీతలకి ఇవతల ఉన్నందువల్ల కలిగిన లాభం మనకూ అందింది. లాభం అందుకున్నవాళ్ళకి బాధ్యత ఉంటుంది. తప్పు మనది కాదన్నంత మాత్రాన అది తీరిపోదు.

మీ కాగితంలో ఎక్కడా లేని మనిషి గురించి చెప్తాను. ఆయన సంగతి 2015లో డిట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రికలో వచ్చింది. నగరంలో ఉండే ఒక కార్మికుడు రాచెస్టర్ హిల్స్‌లోని ఫ్యాక్టరీకి వెళ్ళిరావడానికి రోజుకి 21 మైళ్ళు నడిచేవాడు. కారు పాడైపోయింది, కొత్తది కొనే స్తోమత లేదు. బస్సు కొంత దూరమే ఉండేది, ఎందుకంటే రాచెస్టర్ హిల్స్ స్మార్ట్ అనే శివారు బస్సు వ్యవస్థలో చేరలేదు. అప్పట్లో శివారు ఊళ్ళు కావాలంటే చేరవచ్చు, లేదంటే తప్పుకోవచ్చు. ఉద్యోగాలు తమ ఊరికి రావాలి, ఉద్యోగానికి వచ్చే బస్సు మాత్రం రాకూడదు అన్నట్టుండేది ఆ ఏర్పాటు. ఏళ్ళ తరబడి అలా నడిచిన ఆయన సంగతి తెలిసి జనం చందాలు వేసుకుని సాయం చేశారు. మంచిపనే. కానీ బస్సు పన్నుకి ఓటు వేసి ఉంటే ఆ చందాల అవసరమే ఉండేది కాదు. చివరికి 2022 నవంబరులో, రాచెస్టర్ హిల్స్ ఉన్న ఓక్లాండ్ కౌంటీ ప్రజలు ఓటేసి, తప్పుకునే వెసులుబాటుని తీసేశారు.

శివారు నుంచి డౌన్‌టౌన్‌కి వెళ్ళాల్సి రావడం నీకు కొత్తగా వచ్చిన కష్టం. డౌన్‌టౌన్ నుంచి శివారుకి వెళ్ళడం యాభై ఏళ్ళుగా వేరేవాళ్ళు పడుతున్న కష్టం. మీ ఆఫీసులో రాత్రిపూట నేల తుడిచేవాళ్ళు, క్యాంటీన్లో వడ్డించేవాళ్ళు ఏ ఊరినుంచి ఎలా వస్తున్నారో ఎప్పుడైనా అడిగావా? ఈ మార్పుతో వాళ్ళ ఉద్యోగాలు ఏమవుతాయో అడిగావా? కాంట్రాక్టు మారితే అవి మొత్తానికే పోవచ్చు. వినతిపత్రంలో వాళ్ళ మాట ఒక్కటీ లేదు.

ఇక పన్ను. డిట్రాయిట్‌లో పనిచేసే బయటి ఊళ్ళవాళ్ళ జీతంమీద నగరం 1.2 శాతం తీసుకుంటుంది. ఊళ్ళో ఉండేవాళ్ళ దగ్గర 2.4 శాతం. లక్ష డాలర్ల జీతానికి సుమారు 1,200 డాలర్లు అవుతుంది. చిన్న మొత్తం కాదు, నాకు తెలుసు. ఓటులేని ఊరికి పన్నెందుకు కట్టాలని మీవాళ్ళు రాశారు. ఆ ఊరి రోడ్డుమీద నడుస్తాం, ఆ ఊరి దీపాల కింద కారు ఆపుకుంటాం, నిప్పంటుకుంటే ఆ ఊరి ఫైరింజనే వస్తుంది, అందుకు. 2013 జులై 18న, దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పులతో డిట్రాయిట్ దివాలా పిటిషన్ వేసింది. ఆ రోజుల్లో వీధి దీపాల్లో నూటికి నలభై వెలిగేవి కావు. తర్వాత ప్రత్యేకంగా ఒక సంస్థని పెట్టి, 2016 చివరికి 65,000 ఎల్‌ఈడీ దీపాలు వేశారు. నగరం లోపలే ఉన్నా వేరే మునిసిపాలిటీ అయిన హైలాండ్ పార్క్ పరిస్థితి మరీ ఘోరం. కరెంటు బాకీ తీర్చలేక 2011లో వెయ్యికి పైగా వీధి దీపాలని స్తంభాలతో సహా పీకించుకుంది. హెన్రీ ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలుపెట్టిన ఊరు అది. పన్ను కట్టేవాళ్ళు వెళ్ళిపోతే ఏమవుతుందో అంతకంటే వివరంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఆ పన్ను కట్టు. ఇంటినుంచి పనిచేసిన రోజులకి మినహాయింపు ఉంది, అది న్యాయంగా నీదే, తీసుకో. కానీ రోజుల లెక్క నిజంగా వెయ్యి. ఎవరూ చూడరు కదా అని రెండు రోజులని మూడు చెయ్యవద్దు.

భద్రత పేరా నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. జాగ్రత్తగా ఉండవద్దని నేను అనను. కారులో బ్యాగు వదలకు, రాత్రి ఆలస్యమైతే తోడు చూసుకో. నేరాలు లేవని కూడా అనను. 2024లో ఆ నగరంలో 203 హత్యలు జరిగాయి. 1965 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు, అయినా అందులో ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దుఃఖమే. ఆ దుఃఖం పడింది అక్కడివాళ్ళు. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని పగలు పదింటికి వచ్చి ఐదింటికి వెళ్ళిపోయే నీకంటే, అక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లికి భద్రత గురించి ఎక్కువ తెలుసు. మన పండగల్లో, పుట్టినరోజు పార్టీల్లో డిట్రాయిట్ పేరెత్తగానే గొంతు తగ్గించి చెప్పుకునే కథలు నువ్వూ విన్నావు. చెప్పినవాళ్ళలో చాలామంది ఆ వీధుల్లో ఒక్కసారీ నడవలేదు. అలాంటి కథలని నువ్వు సంతకంతో ధ్రువీకరించకూడదు.

ఇంత చెప్పానని మీ కంపెనీ పుణ్యకార్యం చేస్తోందని అనుకోకు. చదువైన వెంటనే ఉద్యోగంలో చేరే కుర్రాళ్ళు నగరంలో ఉండటానికి ఇష్టపడుతున్నారు, వాళ్ళు కావాలి కాబట్టి వెళ్తోంది. రేపు మరోచోట లాభముంటే మరోచోటికి వెళ్తుంది. మా ఊళ్ళోనే చూశాను. 1973లో మొదలైన కంప్యూవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెరిగింది. 2003లో డౌన్‌టౌన్‌లో క్యాంపస్ మార్షియస్ దగ్గర పెద్ద భవనం కట్టుకుని నాలుగు వేలమంది దాకా ఉద్యోగులతో వెళ్ళింది. ఆ రోజుల్లో అటువైపు వెళ్ళడానికి పెద్దగా ఎవరూ సిద్ధంగా లేరు, అది నిజమైన సాహసమే. 2010లో క్వికెన్ లోన్స్ అనే గృహరుణాల కంపెనీ లివోనియా నుంచి 1,700 మందిని తీసుకుని అదే భవనంలోకి అద్దెకొచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళకి కంప్యూవేర్‌ని ఒక పెట్టుబడి సంస్థ కొనేసి ముక్కలు చేసింది. భవనం పేరు కూడా మారిపోయింది. ఊరిని నిలబెడతామని వచ్చిన కంపెనీల మాటలు డిట్రాయిట్‌వాళ్ళు చాలా విన్నారు. నీ రాకకి వాళ్ళు సంతోషించాలని ఎదురుచూడకు.

ఇలా కంపెనీలు రావడంవల్ల కొందరికి నష్టం కూడా కలుగుతుంది. 2011లో కంప్యూవేర్, క్వికెన్ లోన్స్ మరికొన్ని సంస్థలతో కలిసి, డౌన్‌టౌన్‌లో ఇల్లు కొనుక్కునే తమ ఉద్యోగులకి 20,000 డాలర్ల దాకా సాయం ప్రకటించాయి. అద్దెకుండేవాళ్ళకి మొదటి ఏడు 2,500. చెయ్యడం మంచిదే, ఖాళీ భవనాల్లో దీపాలు వెలిగాయి. కానీ అన్నీ ఖాళీగా లేవు. క్యాపిటల్ పార్క్ పక్కన గ్రిస్‌వోల్డ్ భవనంలో ప్రభుత్వ అద్దె సాయంతో పేద వృద్ధులు ఉండేవారు. ఏడాది గడువిచ్చి వాళ్ళని ఖాళీ చేయించారు. 2014లో చివరివాళ్ళు వెళ్ళిపోయాక దాన్ని ఎక్కువ అద్దె ఫ్లాట్లుగా మార్చారు. ఎవరూ లేనప్పుడు ఆ డౌన్‌టౌన్‌లో ఉన్నవాళ్ళు వాళ్ళు. ఊరు బాగుపడే వేళకి వాళ్ళకి చోటు లేకుండా పోయింది. నువ్వు ఎవరినీ వెళ్ళగొట్టకపోవచ్చు. కానీ నీ జీతాన్ని చూసి అద్దె పెంచేవాళ్ళు ఉంటారు. ఆ సంగతి గుర్తుంటే నీ నడవడి వేరుగా ఉంటుంది. మధ్యాహ్నం పై అంతస్తులో క్యాంటీన్ ఉన్నా వారంలో రెండు రోజులైనా కిందికి దిగి ఏళ్ళుగా అక్కడే ఉన్న షాపుల్లో తిను. వాచ్‌మన్‌ని పేరుతో పలకరించు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 2018 నుంచి ఫాస్ట్ బస్సు ట్రాయ్ వైపు నుంచి డౌన్‌టౌన్ దాకా నడుస్తోంది. వారానికి ఒకరోజైనా అందులో వెళ్ళు. ఎయిట్ మైల్ దాటాక హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ పాత ఫ్యాక్టరీ కనిపిస్తుంది. కిటికీ పక్కన కూర్చో, ఫోను సంచీలో పెట్టు.

ఇంతకీ నువ్వు అడిగిన సంతకం. ఇప్పుడున్న రూపంలో పెట్టవద్దు. పార్కింగ్ ఖర్చు కంపెనీ భరించాలన్నది, డేకేర్ ఉన్నవాళ్ళకి పనివేళలు సడలించాలన్నది న్యాయం, అవి ఉంచమను. పన్ను గురించి, భద్రత గురించి రాసిన పేరాలు తీసేయమను. మూడు కొత్తవి చేర్చమను. శుభ్రం చేసేవాళ్ళని, క్యాంటీన్‌వాళ్ళని కొత్త చోట అదే జీతంతో కొనసాగించాలి. కాంట్రాక్టు మనుషులతో సహా అందరికీ బస్సు పాసు ఇవ్వాలి. ఊళ్ళోని కుర్రాళ్ళకి వేసవిలో పనిచ్చే గ్రో డిట్రాయిట్స్ యంగ్ టాలెంట్ కార్యక్రమంలో కంపెనీ చేరి, ప్రతి టీములోనూ ఒకరికి చోటివ్వాలి. ఒకరికి పని నేర్పే బాధ్యత నీదని ముందే రాసివ్వు.

ఒప్పుకోకపోతే గొడవపడకు. వాళ్ళ భయాలు వాళ్ళవి, వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నీ మాటలతో నువ్వే ఒక చిన్న ఉత్తరం రాసి మేనేజరుకి ఇవ్వు. శుక్రవారం గడువన్నావు కదా. గురువారం రాత్రిలోపు నీ చిత్తుప్రతి పంపితే చదివి, పొద్దున్నే తిప్పి పంపుతాను. కొత్త ఆఫీసు మొదలయ్యాక సాయంత్రం నీకు ఆలస్యమయ్యే రోజుల్లో బాబుని డేకేర్ నుంచి మీ పెద్దమ్మో, నేనో తెస్తాం. మా ఇద్దరి పేర్లూ అక్కడి ఫారంలో ఇప్పుడే రాయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న