సుగ్రీవసఖ్యము - బలవంతుని చెలిమి

సమబలుల నడుమ స్నేహము నిలుచుట పెద్ద విశేషము కాదు. ఇద్దరు మిత్రులలో ఒకనికి బలము మిక్కుటమై, అతడు ఏ క్షణమున ఏమి చేయునో తెలియనప్పుడే చిక్కు వచ్చును. రెండవవాడు మాటాడవలసిన మాట యేది? ఊరకుండవలసిన వేళ యేది? సత్యమును విడువక, తన్ను తాను చులకన చేసికొనక ఆ చెలిమిని కాపాడుకొనుట యెట్లు? ఇది రాజ్యములేలువారి ప్రశ్న మాత్రమే కాదు. ఇంటిపెద్ద కోపమునకు వెఱచి, ఆయన వీధిగుమ్మము దాటి లోనికి వచ్చు అడుగుల చప్పుడునుబట్టి నాటి మనఃస్థితిని ఊహించుకొను కుటుంబములు ఎన్నియో కలవు. శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండము మొదటినుండి చివరివరకు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది. వాలివధ ధర్మమా, అధర్మమా అను వాదమునందే దృష్టి నిలుపుటచేత చదువరులు తరచుగా ఈ సంగతిని గమనింపక దాటిపోవుచుందురు.

శ్రీరాముని కలిసికొనుటకు పూర్వమే సుగ్రీవుడు బలవంతుని చెంత మెలగుట యెట్టిదో ఎఱిగినవాడు. వాలి అతనికి అన్న, రాజు, మహాబలశాలి. మాయావి యను అసురుని తరుముచు వాలి ఒక బిలమున ప్రవేశించినపుడు సుగ్రీవుడు సంవత్సరకాలము ద్వారమున కావలి యుండెను. లోపలినుండి నురుగుతో కూడిన నెత్తురు వెలువడెను. అసురుల గర్జనలు వినబడెనుగాని అన్న కంఠస్వరము వినబడలేదు. అన్న మరణించెనని తలచి, కొండంత రాతితో బిలమును మూసి, ఉదకక్రియలు జరిపి మరలివచ్చెను. సంగతి తెలిసికొన్న మంత్రులు అతనికి పట్టము గట్టిరి. అటుపిమ్మట వాలి సజీవుడై తిరిగివచ్చెను. సుగ్రీవుడు తన కిరీటము అన్న పాదములకు తాకునట్లు మ్రొక్కెను. ఛత్రచామరములను ఒప్పగింపబోయెను. జరిగినది జరిగినట్లు విన్నవించెను. వాలి దీవింపలేదు, నమ్మలేదు. తమ్ముని కట్టుబట్టతో వెడలగొట్టి, అతని భార్యయైన రుమను తనచెంత నుంచుకొనెను.

వాలి కోపమునకు కారణమే లేదనరాదు. మూసియున్న బిలద్వారమును లోపలినుండి చూచినవానికి అనుమానము కలుగుట సహజమే. అయితే ఆ కోపమునుండి మరలి వచ్చుటకు త్రోవ లేకపోయెను. ఏమి చెప్పినచో అది తీరును, ఎంతవరకు పోయి ఆగును అనునది సుగ్రీవునికి తెలియదు. బహుశః వాలికిని తెలియదు. అట్టివాని యెదుట వినయము పనికిరాదు, సత్యమును పనికిరాదు. అతడు రాలేని చోటు వెదకికొనుట యొక్కటే మిగులును. మతంగమహర్షి శాపభయముచేత వాలి అడుగిడజాలని ఋశ్యమూకముపై నలుగురు మంత్రులతో సుగ్రీవుడు దినములు గడపుచుండెను.

ఇట్లు దెబ్బతిన్నవాడు తరువాత ఎదురుపడిన ప్రతి బలవంతునియందును పాతవానినే చూచును. ధనుర్ధారులైన రామలక్ష్మణులు కంటబడినంతనే వారు వాలి పంపినవారని నిశ్చయించుకొని అతడు గడగడ వణికెను. హనుమంతుడు భిక్షురూపమున వెళ్ళి మధురముగా సంభాషించి వారిని తోడ్కొనివచ్చెను. అగ్ని సాక్షిగా సఖ్యము కుదిరెను. అయినను సుగ్రీవుని మనసు కుదుటపడలేదు. వాలి విసరిన దుందుభి కళేబరమును చూపెను. శ్రీరాముడు కాలి బొటనవ్రేలితో దానిని 10 యోజనముల దూరమున పడునట్లు చిమ్మెను. నాడది రక్తమాంసములతో బరువైనది, నేడు ఎండిన ఎముకల ప్రోగు, కావున బలము తేలలేదని సుగ్రీవుడు మరల సందేహించెను. అప్పుడు ఒక్క బాణముతో 7 సాలవృక్షములు భేదింపబడెను.

తనకు ఉపకారము చేయవచ్చిన మహావీరుని ఇట్లు పరీక్షించుట మర్యాదయేనా? సుగ్రీవుడు ఈ ప్రశ్నను తానే ఊహించి సమాధానము చెప్పుకొనెను. తాను రాముని తూచుట లేదనియు, అవమానించుట లేదనియు, వాలి చేసిన భయంకరకృత్యములే తన్ను పిఱికివానిని చేసినవనియు విన్నవించెను. భయపడినవాడు తన భయమును దాచక చెప్పుకొనుటయు, బలవంతుడు దానిని తప్పుగా పట్టక మరియొక నిదర్శనము చూపుటయు ఈ సఖ్యమునకు పునాదులైనవి. వాలితో మొదటి పోరున ఓడి, నెత్తురోడుచు వచ్చిన సుగ్రీవుడు నిష్ఠురములాడినపుడును ఇట్లే జరిగెను. అన్నదమ్ములిరువురు ఒక్క పోలికగా నుండుటచేత బాణము విడువలేదని రాముడు కారణము చెప్పెను. గుర్తుకొఱకు గజపుష్పిమాల వేయించెను. కారణము చెప్పుట చిన్న సంగతిగా కనబడవచ్చును. వాలి తన జీవితమున తమ్మునికి ఏనాడును అట్టి కారణము చెప్పిన జాడ లేదు.

వాలి పడిపోయెను. సుగ్రీవుడు రాజయ్యెను, అంగదుడు యువరాజయ్యెను. ఇచ్చట కథలో త్రాసు ఒరిగిన విషయమును గుర్తింపవలెను. అంతవరకు రాజ్యము లేనివాడు సుగ్రీవుడు. ఇప్పుడు రాజ్యము, కోశము, సేన అన్నియు అతనివి. తండ్రిమాటకు కట్టుబడి 14 ఏండ్లు నగరప్రవేశము చేయరాని రాముడు మాల్యవంతముపై గుహలో నివసించుచు వానకాలము గడచుటకు ఎదురుచూచుచున్నాడు. నేటి కర్ణాటకమున హంపి, ఆనెగొంది ప్రాంతమే ఆనాటి కిష్కింధ యని పరంపరగా వచ్చు విశ్వాసము. అచ్చటి మాల్యవంతముపై రఘునాథస్వామిని సేవించిన యాత్రికులకు ఆ బండరాళ్ళ నడుమ వర్షాకాలము గడపుట యెంత దుర్భరమో ఊహకు అందగలదు. ధనుస్సు బలము రామునిది. సీతాన్వేషణమునకు కావలసిన బలగము సుగ్రీవునిది. ఎవరు బలవంతులు, ఎవరు ఆశ్రితులు అనునది స్పష్టముగ చెప్పుటకు వీలులేని స్థితి యిది. పైగా సుగ్రీవుడు అంతఃపురమున మైమఱచి యున్నాడు.

ఇట్టి తఱి హనుమంతుడు చేసిన పని దౌత్యమెఱిగినవారు మరల మరల చదువదగినది. శరత్కాలము వచ్చెను. రామునినుండి కబురు రాలేదు. రానందుననే హనుమంతుడు రాజు కడకు వెళ్ళెను. కాలమెఱిగినవాడైనను రాముడు గడువు దాటినదని తానుగా చెప్పడనియు, త్వరపడవలసిన అవసరమున్నను నీ వశమున నున్నవాడై ఓర్చుకొనుచున్నాడనియు బోధించెను. అడుగకమునుపే పని మొదలిడినచో ఆలస్యమైనట్లు కాదు, అడిగించుకొని చేసినచో ఆలస్యమైనట్లే యని ఆయన చేసిన నిర్ణయము సూక్ష్మమైనది. తిథులు అవే, దినముల లెక్క అదే. మారునది మిత్రుని మనసులోని లెక్క. సుగ్రీవుడు ఆ మాట విని 15 దినములలో వానరసేన నెల్ల సమకూర్పుమని నీలుని ఆజ్ఞాపించెను; గడువు దాటినవారికి మరణదండన యని శాసించెను. ఇతరులకు అంత కఠినమైన గడువు విధించినవాడు తన గడువును మఱచి తిరిగి అంతఃపురమునకే పోయెను! ఆజ్ఞ జారీయైనట్లు రామునికి కబురైనను పంపలేదు. ఈ ఒక్క లోపమే ప్రాణాపాయము వఱకు తెచ్చెను.

మాల్యవంతముపై రాముడు ఓర్పు కోల్పోయెను. వాలికి పట్టిన గతిని సుగ్రీవునికి జ్ఞాపకము చేయుమని లక్ష్మణునితో కటువైన సందేశము పలికెను. స్నేహితుడు స్నేహితునికి పంపదగిన సందేశమా ఇది యని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. భార్యను కోల్పోయి నాలుగు నెలలు చినుకులు లెక్కించుచు కూర్చున్నవాని దుఃఖమే దానికి మూలమని హనుమంతుడు తరువాత చెప్పిన సమాధానము. దానితోపాటు మరియొకటి చూడదగును. ఈ కోపమునకు కారణము చెప్పబడినది. ఏమి చేసినచో తీరునో చెప్పబడినది. మాటపై నిలువుమనునదే అందలి సారము. అంతటితో ఆగక, సుగ్రీవుని నేడే వధింతునని లక్ష్మణుడు లేచినపుడు రాముడే అతనిని వారించి, పరుషములు విడిచి పూర్వస్నేహమును తలచుకొని సామముగ మాటాడుమని చెప్పి పంపెను. వాలి కోపమునకు లేని త్రోవ రాముని కోపమునకు కలదు.

అయినను లక్ష్మణుడు కిష్కింధ చేరునాటికి ఆ సామవాక్యములు అతని మనసున నిలువలేదు. ఆ క్షణమున ఆ నగరమునకు అతడే బలవంతుడు, ఏమి చేయునో తెలియనివాడు. సుగ్రీవుడు మొదట తన తప్పేమియు లేదనెను. గిట్టనివారెవరో చెప్పుడు మాటలు చెప్పియుందురనెను. అధికారమున నున్నవారికి ఇట్టి సమాధానము నోటికి సులభముగ వచ్చును. హనుమంతుడు దానిని అంగీకరింపలేదు. తప్పు మనదే, గడువు దాటినది, దుఃఖితుడు పంపిన పరుషవాక్యములను సహింపవలసినదే, చేతులు జోడించుటకంటె వేఱు మార్గము లేదు అని రాజు ముఖముననే చెప్పెను. బయటి బలవంతుని ప్రసన్నుని చేసికొనుటకు ముందు ఇంటిలోని బలవంతునికి నిజము చెప్పవలసియుండెను. రెండవదే కష్టమని పలువురు మంత్రుల అనుభవము.

అప్పుడు తార బయటికి వచ్చెను. వాలి రెండవసారి పోరునకు వెడలునపుడు, సుగ్రీవుని వెనుక రాముడున్నాడు, తమ్మునితో సంధి చేసికొనుమని వేడుకొన్నదీ ఈ తారయే. ఆనాడు ఆమె మాట వినినవాడు లేడు. మరల అదే ఆపద మరియొక రూపమున ద్వారమున నిలిచెను. ఆమె నగలసవ్వడి విని, స్త్రీ యెదుట నిలువనొల్లక లక్ష్మణుడు తలవంచుకొనెను. కోపము సగము తగ్గెను. ఎవరు నీ ఆజ్ఞను మీరిరి, ఎండిన అడవిని కాల్చు కార్చిచ్చునకు ఎదురుపోవువాడెవడు అని ఆమె అడిగెను. ఆ ప్రశ్నలో అతని బలమునకు గౌరవము కలదు, అతని ఫిర్యాదునకు తావు కలదు. అతడు చెప్పినదెల్ల వినెను. తరువాత ఆమె పలికిన మాటలలో సుగ్రీవుడు నిర్దోషి యను మాట యెచ్చటను లేదు. అతడు భోగములకు లొంగిన సంగతి ఒప్పుకొనెను. రాముడు చేసిన ఉపకారమును తలచెను. లక్ష్మణునికి తెలియని సంగతి యొక్కటి చెప్పెను: సేనలను రప్పించు ఆజ్ఞ ఎన్నడో వెడలినది, వానరులు వచ్చుచున్నారు.

సుగ్రీవుని చూచినంతనే లక్ష్మణుని కోపము మరల రాజుకొనెను. మహాపాపములకైనను ప్రాయశ్చిత్తము కలదుగాని కృతఘ్నునికి లేదని నిందించెను. తార వెనుదీయక ఆ నిందను మాత్రము గట్టిగా కాదనెను. విశ్వామిత్రుడంతటివాడు ఘృతాచియందు ఆసక్తుడై 10 ఏండ్లను ఒక దినముగ భ్రమించెనని గుర్తుచేసెను. మఱపు వేఱు, కృతఘ్నత వేఱు అని ఆమె వాదము. లంకలోని రాక్షసబలము అపారమనియు, సహాయము లేక రావణుని గెలుచుట సాధ్యము కాదనియు వాలి చెప్పగా తాను వింటిననియు తెలిపెను. బలవంతునికి కూడ అవసరమున్నదను సత్యమును ఇంత మృదువుగ చెప్పినవారు అరుదు. ఇది ముఖస్తుతి కాదు. ముఖస్తుతి చేయువాడు ఎదుటివానికి ప్రియమైనది చెప్పును. తార ఎదుటివాడు కోపమునుండి దిగివచ్చుటకు మెట్టుగా ఉపయోగపడు నిజమును ఏరి చెప్పెను. 1927 నుండి 1929 వఱకు దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వ ప్రతినిధిగా నుండి, వాక్కు తప్ప వేఱు బలము లేని స్థితిలో పనిచేసిన వి.యస్. శ్రీనివాసశాస్త్రిగారు 1944లో మద్రాసున రామాయణముపై 30 ఉపన్యాసములిచ్చుటలో ఆశ్చర్యము లేదు.

సుగ్రీవుడు మెడలోని పూలమాల త్రెంచివేసి క్షమాపణ కోరెను. అటుపిమ్మట జరిగినది తరచుగా ఎవరును చెప్పుకొనరు. లక్ష్మణుడును క్షమాపణ కోరెను. అన్నగారి దుఃఖము చూడలేక పరుషములాడితిని, మన్నింపుమనెను. విల్లు చేతనున్నవాడు ముందుగ విల్లు దింపి, పిదప మాటయును దింపెను. పాదములపై వ్రాలిన సుగ్రీవుని రాముడు లేవనెత్తి కౌగిలించుకొని, ప్రక్కన కూర్చుండబెట్టి, ధర్మార్థకామములకు కాలమును పంచుకొనవలసిన తీరును మాత్రము చెప్పెను.

సుగ్రీవునియందు వాలి నీడ అంతటితో తొలగిపోలేదు. సీతను వెదకుటకు దక్షిణదిక్కునకు పోయిన అంగదుడు, నెల గడువు దాటినదని తెలిసినపుడు తిరిగి వెళ్ళుటకంటె ప్రాయోపవేశమే మేలనెను. సుగ్రీవుడు స్వభావముచేత క్రూరుడు, క్షమింపడు అని అతని భయము. ఒకనాడు ఋశ్యమూకముపై భయముతో గడపినవాడే నేడు ఇతరులకు భయకారణమయ్యెను. బలము చేతులు మారినపుడు అనూహ్యత కూడ దానితోపాటే చేతులు మారుట లోకమున కనబడునదే.

అయితే సీతను చూచి మరలివచ్చిన వానరులు ఆనందముతో మధువనమును పాడుచేసినపుడు, దాని కావలివాడును సుగ్రీవుని మేనమామయునైన దధిముఖుడు పరుగున వచ్చి రాజు పాదములపై తలవాల్చెను. రాజునకు ప్రియమైన వనము ధ్వంసమయ్యెను, కాపలాదారులు దెబ్బలు తినిరి. పూర్వపు సుగ్రీవుడైనచో ఏమి చేసియుండునో అంగదుడు చెప్పియే యున్నాడు. సుగ్రీవుడు ముందుగ అభయమిచ్చి లెమ్మనెను. సంగతియంతయు వినెను. కార్యము సఫలము కానిదే వారు అంతటి సాహసము చేయరని ఊహించి, వారిని త్వరగా పంపుమని దధిముఖుని సంతోషముతో సాగనంపెను. ఆ సమయమున రామలక్ష్మణులు అతని ప్రక్కనే యుండిరి.