పాటకు కూలి

పాటగాడు ఎందుకు పాడతాడు? ఈ ప్రశ్నకు మన సాహిత్యలోకంలో రెండు సమాధానాలు చలామణీలో వున్నవి. ఆత్మానందం కోసమని ఒకటి, ప్రజల కోసమని మరొకటి. మొదటిదాన్ని భావవాదమని తోసిపుచ్చుతాము, రెండోదాన్ని నెత్తిన పెట్టుకుంటాము. కాని రెండింటిలోనూ ఒకే తీర్పు దాగివున్నది: కూటికోసం పాడేవాడు ఒక మెట్టు దిగువవాడని. ఈ తీర్పు ఎక్కడినుంచి వచ్చింది? ఇది న్యాయమేనా?

త్యాగరాజు తంజావూరు రాజాస్థానం పిలుపును కాదన్నాడని సంప్రదాయం చెబుతున్నది. ఆయన తిరువయ్యారు వీధుల్లో పాడుతూ ఉంఛవృత్తి చేసి, గృహస్థులు పోసిన బియ్యంతో సంసారం నడిపాడన్నది కూడా ఆ కథలోనిదే. రాజుగారి సొమ్ము వద్దనగలిగినవాని వెనుక ఆ వీధి వున్నది. ఆ ఇళ్ళకు ధాన్యం పండించి పెట్టిన పాలేర్లున్నారు. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. నిస్వార్థానికి కూడా అన్నం పెట్టేవారు వుండాలి.

డక్కలివారి సంగతి చూడండి. మాదిగల కులపురాణం చెప్పడం వారికి పుట్టుకతో వచ్చిన వృత్తి. వారు కిన్నెర మీద పాడుతూ ఊరూరా తిరుగుతారు, అడిగి తీసుకుంటారు. ఇక్కడా వీధే, పాటే, బియ్యమే. ఒకరిది త్యాగమైంది, రెండోవారిది ముష్టి అయింది. పాడేవాని మనస్సులోని ప్రేరణను కొలిచి మనం ఈ పేర్లు పెట్టలేదు, అతని కులాన్ని చూసి పెట్టాము. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో సినిమాకెక్కింది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తున్నాడన్న వార్త చూసి చాలామంది విస్తుపోయారు. విస్తుపోవడానికేమున్నది? పాతకాలపు వృత్తి ఆధారం కూలిపోయింది, దాని స్థానంలో మనం పెట్టింది పతకం.

నేనుండే పద్మారావు నగర్‌లో స్కందగిరి సుబ్రహ్మణ్యస్వామి గుడి వున్నది. ఆషాఢం వస్తే సికిందరాబాదు అంతా బోనాల డప్పుతో దద్దరిల్లుతుంది. కచేరీ చేసిన విద్వాంసునికి ఇచ్చేదాన్ని లోకం సంభావన అంటుంది, తాంబూలంలో పెట్టి ఇస్తుంది. డప్పు దళంతో మాత్రం నడివీధిలో నిలబడి బేరమాడుతుంది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టినవాడు అడిగినదానికి ఒక నూరు తగ్గించగలిగితే బేరమాడినవానికి అదొక ఘనకార్యం.

ప్రేరణ పాటగానిది కావచ్చు. పాట రూపాన్ని చాలావరకు నిర్ణయించేది అన్నం పెట్టే చేయి, వినే చెవి. ఘంటసాల విజయనగరంలో మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చాడు, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళాడు, ఆ తరువాత మద్రాసు చేరాడు. నాటకరంగం మీద వన్స్‌మోర్ల మధ్య రాగాన్ని ఎంతసేపైనా సాగదీసిన పద్యం, ఆయన గొంతులో పొందికైంది, అర్థం ముందుకు వచ్చింది. ఇందులో ఆయన ప్రతిభ ఎంత వున్నదో, మూడు నిమిషాలకు మించి పట్టని గ్రామఫోను ప్లేటు ప్రభావమూ అంత వున్నది. దర్జీ పని చేసి పొట్టపోసుకున్న నాజర్, ప్రజానాట్యమండలిలోకి వచ్చాక బుర్రకథకు కొత్త ప్రాణం పోశాడు. తంబురా పాతదే, గుమ్మెటలు పాతవే. ఎదుట కూర్చున్నవాళ్ళు కొత్త ప్రశ్నలతో వచ్చిన రైతులూ కూలీలూ గనక, పాత పనిముట్లే కొత్త కథలు చెప్పినవి.

ఇక్కడ మన మిత్రులు అడ్డుతగులుతారు: డబ్బు తీసుకుంటే డబ్బిచ్చినవాని పాటే పాడవలసివస్తుంది గదా? నిజమే. పాలకులకు ఈ సూత్రం మనకంటె బాగా తెలుసు. 1950లో అమెరికా ప్రభుత్వం పాల్ రోబ్సన్ గొంతు నొక్కలేదు, పాస్‌పోర్టు లాక్కున్నది. స్వదేశంలో హాళ్ళు మూతపడినవి, పరదేశానికి దారిలేదు. 1958దాకా పాస్‌పోర్టు తిరిగి రాలేదు. మనదగ్గర పని ఇంకా మెత్తగా జరిగింది. తెలంగాణ ప్రభుత్వం సాంస్కృతిక సారథి అనే సంస్థను ఏర్పరచి, ఉద్యమంలో ధూంధాంలు ఆడిన వందలాది కళాకారులకు జీతాలిచ్చింది. వాళ్ళు ప్రభుత్వ పథకాలను పాడారు. అమ్ముడుపోయారని మనవాళ్ళు ముఖం చిట్లించారు. ఆ పాటల్లో పస తగ్గిన మాట నాకూ వినిపించింది. కాని ఆ మాట అనే హక్కు మనకెక్కడిది? ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు పాడించుకుని, తెల్లవారి బస్సు చార్జీలిచ్చి పంపినవాళ్ళం మనమే.

గద్దర్ బ్యాంకు వుద్యోగం వదిలాడని మనం గర్వంగా చెప్పుకుంటాము. 1997లో తగిలిన తూటాను 2023లో చనిపోయేదాకా ఆయన ఒంట్లో మోశాడని చెప్పుకుంటాము. చెప్పుకోవలసిందే. ఆయన వెనుక డప్పు వాయించినవాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలిగిందో మాత్రం మన వ్యాసాల్లో ఎక్కడా కనబడదు. వదులుకోవడానికి వాళ్ళకు వుద్యోగం లేదు గనక వాళ్ళ త్యాగం మన కంటికి ఆనలేదు కాబోలు.

మన సభల్లో పాటగాణ్ణి ఎప్పుడు పిలుస్తామో గుర్తుచేసుకోండి. జనం కూడేదాకా పాడమంటాము. అధ్యక్షులవారు రాగానే చరణం మధ్యలో ఆపమని సైగచేస్తాము. సభ ముగిశాక లెక్క రాసేటప్పుడు మైకుకు ఇంత, షామియానాకు ఇంత, దూరాన్నుంచి వచ్చిన వక్తకు రైలు చార్జీ ఇంత అని రాస్తాము. వచ్చే సభకు ఆ కాగితంలో పాటకు కూడా ఒక పద్దు రాసి, ఆ మొత్తం వక్తకిచ్చేదానికంటె తగ్గకుండా చూడాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.