అచ్చునకు పంపిన వ్యాసమును మరల గోరుట

పండితుడొకడు తన పరిశోధన వ్యాసమును పత్రికకు పంపి, అది అచ్చుపడక మునుపే తిరిగి యిమ్మని కోరవచ్చునా? కోరవచ్చుననియే మా యభిప్రాయము. ప్రకటింపబడు వరకు వ్రాత వ్రాసినవానిదే. అయితే ఆ హక్కును ఏరీతిగా వినియోగింపవలెననుటలోనే తగవంతయు నున్నది.

1936వ సంవత్సరమున ఐన్‌స్టైన్ మహాశయుడు నేథన్ రోజెనుతో గూడి, గురుత్వ తరంగములు లేవని నిర్ణయించుచు నొక వ్యాసమును అమెరికాలోని ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపెను. సంపాదకుడగు జాన్ టేట్ దానిని వేరొక విద్వాంసునకు జూపి, ఆతడు వ్రాసిన పది పుటల విమర్శను గ్రంథకర్తకు బంపెను. ఐన్‌స్టైన్ కోపించి, అచ్చునకు ముందే తమ వ్రాతను అన్యులకు జూపుటకు తాము అనుమతి యీయలేదని తెలిపి, జూలై 27వ తేదీన వ్యాసమును ఉపసంహరించుకొనెను. రోజెన్ అప్పటికే సోవియట్ దేశమునకు వెడలియుండెను. అతని పక్షమున వ్రాయుటకు తనకు సమ్మతి గలదని యా జాబు చివర ప్రత్యేకముగా పేర్కొనెను. ఆగ్రహములోను ఈ మర్యాద తప్పలేదు, ఇది గమనింపదగినదే.

ఆ విమర్శకుడు రాబర్ట్‌సన్ అను ప్రిన్స్‌టన్ ఆచార్యుడు. ఆయనయే పిమ్మట ఐన్‌స్టైన్ సహాయకుడగు ఇన్‌ఫెల్డునకు దోషమును జూపెను. 1937లో వ్యాసము సవరింపబడి, మారిన నిర్ణయముతో వేరొక పత్రికలో వెలువడెను. ఆ తరంగములు 2015లో యంత్రములకు దొరకినవి. ఉపసంహరణమే ఐన్‌స్టైనును గాపాడినదని కొందరనవచ్చును. మేము ఒప్పుకొనజాలము. కాపాడినది దోషము నంగీకరించిన బుద్ధి, కోపము కాదు.

మా పోచంపల్లిలో నూలు మగ్గమెక్కక మునుపే కట్లు కట్టి రంగులద్దుదురు. నమూనా తప్పినదని తెలిసినచో ఆ నూలును వెనుకకు దీయుటలో నింద్యమేమియు లేదు. కాని కట్లు కట్టిన వారికి, రంగద్దిన వారికి ఒక మాటయైన చెప్పక, వేరొక షావుకారు ఎక్కువ యిచ్చునని మూటగట్టుకొని పోవువానిని ఆ వీధి మన్నించునా? విద్వల్లోకమున నిట్టివారు గలరు. పరిశీలకులు వేతనము లేకయే వారముల తరబడి చదివి సూచనలు వ్రాయగా, వానిని గైకొని, మరింత పేరుగల పత్రిక కొరకు వ్యాసమును లాగికొందురు. దోషమును గని మరల గోరువాడును, ఈ బేరగాడును వ్రాయు జాబు ఒక్కటే యైనచో సంపాదకునకు భేద మెట్లు తెలియును? కారణమును దాచరాదు.

ఇంతకన్న కష్టమైన స్థితి మన యిండ్ల నుండి పరిశోధనకు పోయిన యువతీయువకులది. లెక్కలోని దోషము శిష్యురాలికి గోచరించును. వ్యాసముపై మొదటి పేరు ఆమెది, అధికారము గురువుది. ఊరకుండుమని ఆయన యనినచో, ఆమె పట్టము ఆయన చేతిలోనిది. అట్టి బిడ్డను తల్లిదండ్రులు "నీకేల" యని వారింపకుండుటయే మేము కోరునది. ఆమె సంపాదకునకు తానే జాబు వ్రాయవచ్చును. తన పేరునైన తొలగింపుమని యడుగవచ్చును.