ఇంకో కిలోమీటరే

అనంతగిరి అడవిలో మా మామయ్యగారికి ఒక అబద్ధం చెప్పాను. చిన్నదే. "ఇంకో కిలోమీటరే ఉందండీ" అన్నాను. అప్పటికి ఇంకా మూడు ఉంది. ఫోన్‌లో నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు డెబ్భై, ఎనభై కిలోమీటర్లు వెళితే అనంతగిరి. అనంత పద్మనాభస్వామి గుడి, కోతులు, మంచి గాలి కోసం కొండ మీద కట్టిన టీబీ శానటోరియం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. నగరంలో మనం ముక్కు మూసుకుని దాటే ఆ నీళ్ళకీ దీనికీ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. కొత్తగా ట్రెకింగ్ మొదలుపెట్టేవాళ్ళకి మా ఆఫీసులో అందరూ చెప్పే మొదటి పేరు ఇదే. పెద్ద ఎత్తేం కాదు, టేకు చెట్ల నీడ ఉంటుంది. మేం నడిచింది లూప్: గుడి దగ్గర మొదలై, అడవిలోకి దిగి, అయిదు కిలోమీటర్లు తిరిగి మళ్ళీ గుడి దగ్గరికే వస్తుంది. "ఈజీ మామయ్యగారూ, బిగినర్స్ కోసమే" అని చెప్పి తీసుకెళ్ళింది నేనే.

లూప్ ఈజీ అనడంలో ఒక కిటుకుంది. వెళ్ళిన దారినే తిరిగొచ్చే నడకైతే ఎక్కడ అలసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు. మిగిలేది నడిచినంత దూరమే, అదీ తెలిసిన దారే. లూప్‌లో అలా కాదు. సగానికి ముందైతే వెనక్కి పోవడం దగ్గర, సగం దాటితే ముందుకి పోవడం దగ్గర. ఆ సగం ఎక్కడుందో కాళ్ళకి తెలియదు, మ్యాప్ చూసేవాడికే తెలుస్తుంది. పైగా కొండ మీద మొదలయ్యే లూప్ ముందు దిగుతుంది, తర్వాత ఎక్కుతుంది. కాళ్ళు బాగున్నంతసేపూ దిగుడు, అవి డీలా పడ్డాక ఎక్కుడు.

రెండో కిలోమీటరు దగ్గర మామయ్యగారు ఒక రాయి మీద కూర్చున్నారు. షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగారు. లేసు ఊడలేదు. కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుని, నేను చూస్తున్నానని తెలిసి వదిలేశారు.

"ఏం బాబూ, ఇంకా చాలా ఉందా?"

అదే మా నాన్నయితే "నా వల్ల కాదురా, పద ఇంటికి" అనేవాడు. మామ అల్లుడితో అలా అనలేడు. అల్లుడు ఉత్సాహపడి తీసుకొచ్చాడు, కాదంటే ఏమనుకుంటాడో. కాబట్టి ఆయన అడిగింది దూరం గురించి కాదు. వెనక్కి పోదామని నన్ను అనమంటున్నారు. అది నాకు అర్థమైంది. అర్థమయ్యాకే ఆ మాట అన్నాను.

అలాంటి మాట అందరూ అంటారు కదా అని సర్దిచెప్పుకున్నాను. తిరుమల మెట్ల దారిలో దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి చెప్పేది అదే: "వచ్చేసిందండీ, ఇంకెంత." పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి బొంకవచ్చిన సందర్భాల జాబితా కూడా ఇచ్చాడు. పెళ్ళి మాటల్లో, ప్రాణం పోయేచోట, ధనం పోయేచోట, మానం పోయేచోట. ట్రెకింగ్ అందులో లేదనుకోండి, అలసినవాడికి ధైర్యం చెప్పడం ఎక్కడో ఒకచోట ఇమడకపోతుందా అనుకున్నాను.

కానీ ఆ కథలో నన్ను ఇబ్బంది పెట్టింది జాబితా కాదు, వామనుడు. ఆయన కూడా దూరం విషయంలోనే మాట ఇచ్చాడు. మూడడుగులే అన్నాడు. అంకె నిజమే, అడుగు సైజే చెప్పలేదు. అయితే బలికి ఆ అడుగు సంగతి శుక్రుడు ముందే చెప్పేశాడు. వచ్చినవాడెవరో తెలిసి, ఏం పోతుందో తెలిసి ఇచ్చాడు బలి. అందుకే అది దానం అయింది. మామయ్యగారికి ఆ రాయి దగ్గర ఎవరూ ఏమీ చెప్పలేదు. వెనక రెండు కిలోమీటర్లు, ముందు మూడు, చివర్లో ఎక్కుడు అని చెప్పుంటే ఆయన ఏదో ఒకటి తేల్చుకునేవారు. బహుశా ముందుకే వచ్చేవారేమో. ఆ తేల్చుకునే పని ఆయన చేతిలోంచి నేను లాగేసుకున్నాను.

ఎందుకు? ఆయన ధైర్యం కోసం కాదు. యాప్‌లో మా నడక ఒక నీలం గీతగా కనిపిస్తుంది. అప్పటికి అది తెరిచిన కొడవలిలా ఉంది. దాన్ని చుట్టు కలపాలని నాకు. అంతే. (ఆఫీసులో కూడా ఇదే జబ్బు. జూనియర్‌కి "రెండు రోజుల పనే" అని ఇచ్చేటప్పుడు అది రెండు రోజుల పని కాదని నాకు తెలుసు. అంచనా తప్పిందంటాం దాన్ని. తప్పలేదు.)

ఆఖరి ఎక్కుడు చాలాసేపు పట్టింది. ప్రతి మలుపు దగ్గరా ఆయన తలెత్తి చూశారు, గోపురం కనిపిస్తుందేమోనని. ఒక్కసారి కూడా ఇంకెంత అని అడగలేదు. గుడి దగ్గరికి చేరాక కోతులకి దూరంగా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "బావుంది బాబూ" అన్నారు. తర్వాత వారం రోజులు బంధువులందరికీ ఫోన్‌లో చెప్పారట, అరవై నాలుగేళ్ళ వయసులో అడవి చుట్టి వచ్చానని. ఇప్పుడు నిజం చెబితే ఆ సంతోషాన్ని పాడు చేసినట్టవుతుందని ఊరుకున్నాను. ఇది రెండో సర్దుబాటు.

మొన్న ఆదివారం ఫోన్ చేశారు.

"మొత్తం ఎంత నడిచాం మనం? డైరీలో రాసుకుంటున్నా."

"అయిదు కిలోమీటర్లండీ."

"ఓహో. మరి నేను రాయి మీద కూర్చున్నానే, అక్కడికి ఎంత అయ్యుంటుంది?"

మామయ్యగారు ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు.

"రెండు" అన్నాను.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. పెన్ను గీస్తున్న చప్పుడు వచ్చినట్టనిపించింది, నా భ్రమేమో.

"సరే బాబూ, అమ్మాయికి ఫోనివ్వు."